బొట్టు మీద ఫోకస్

ఈ సంగతులు ముందే రాయకపోవడానికి కారణం, నాకు అక్షరాలు రాకపోవడం. ఫోటోగ్రాఫర్ అంజమ్మ అంటే మూసాపేట నుంచి కొండాపూర్ దాకా ఫంక్షన్లు చేసుకున్న ఇళ్లలో చాలామందికి తెలుసు. కానీ నా కార్డు మీద నా పేరు తప్పుగా అచ్చు వేసినా నాకు తెలిసేది కాదు. ఒకసారి అట్లాగే వేశారు కూడా. ఏడాది పాటు ఆ కార్డులే పంచాను.

అక్షరాలు నేర్పింది ప్రసూన. భీమవరం దగ్గరి పిల్ల. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక, మళ్లీ ఆ అద్దాల బిల్డింగుల్లోకి పోనని నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. నేను ఆమెకు వెలుతురు చూడటం నేర్పాను, ఆమె నాకు అ ఆలు నేర్పింది. ఫంక్షన్ హాళ్లలో చుట్టాలు భోజనాలకు లేచినప్పుడు మాకు ఖాళీ దొరికేది. అప్పుడు పేపరు ప్లేట్ల వెనక రాసేదాన్ని. మా అక్క చూసి నవ్వేది. "ముసలితనంల బడికి పోతున్నవ్, రేపు కలెక్టరువైతవ్" అనేది.

అక్షరాలు వచ్చాక కూడా చాలా రోజులు రాయలేదు. ఇప్పుడు పని మానేశాను. కళ్లు ఉన్నంతలో రాసెయ్యాలని కూర్చున్నాను. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు నన్ను ఒకటే అడుగుతారు: పాత కెమెరాతో ఎన్నాళ్లు నెట్టుకు రావచ్చు, కొత్తది ఎప్పుడు కొనాలి అని. దానికి నా దగ్గరున్న జవాబు ఇదే. మంచి జవాబు కాదు.

రాజయ్య సారు స్టూడియో

మూసాపేటలో రాజయ్య సారు స్టూడియోలో ఊడ్చే పనికి చేరాను. తర్వాత లైటు పట్టుకునే పని. పెద్దమనిషి ఫంక్షన్లలో పిల్లకు స్నానం పోసే గదిలోకి మగవాళ్లను రానియ్యరు. ఒకసారి ఒక ఇంట్లో ఆడవాళ్లు తలుపు దగ్గరే సారును ఆపేశారు. ఆయన కెమెరా నా చేతికిచ్చి, "లోపలికి పోయి బొట్టు చూసి నొక్కు" అన్నాడు. నా వృత్తి అట్లా మొదలైంది. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. నేను ఆడదాన్ని, తలుపు దగ్గర ఉన్నాను, అంతే.

బొట్టు సంగతి వివరంగా చెప్పాలి. ఆ రీలు కెమెరాలో కన్ను పెట్టి చూస్తే మధ్యలో చిన్న గుండ్రటి అద్దం ఉండేది. ఫోకస్ సరిగా లేకపోతే అందులో బొట్టు రెండు ముక్కలై కనిపిస్తుంది. రింగు తిప్పుతుంటే ముక్కలు దగ్గరికొస్తాయి. రెండూ కలిసి గుండ్రంగా అయినప్పుడు నొక్కాలి. "బొట్టు దొరికితే మనిషి దొరికినట్టే" అనేవాడు సారు. చదువు రాని నాకు అంతకన్నా తేలికైన పాఠం ఎవరూ చెప్పలేరు. డిజిటల్ వచ్చాక ఫోకస్ కెమెరానే పట్టుకుంటుంది, కానీ దానికీ పట్టుకోవడానికి ఒక అంచు కావాలి. చర్మం మీద ఎర్రటి బొట్టుకు మించిన అంచు లేదు. కెమెరాలో కన్ను పెడితే ఫోకస్ పట్టే చుక్క ఒకటి మధ్యలో కనిపిస్తుంది; నేను ఆ మధ్య చుక్కను బొట్టు మీద పెట్టి, సగం నొక్కి పట్టి, ఫ్రేము సర్దుకుని, మొత్తం నొక్కేదాన్ని. నా పనంతా అదే.

సారు చెప్పిన రెండో పాఠం కూడా రాస్తాను. "బొట్టు లేనోళ్ల మీద రీలు దండగ చెయ్యకు." ఆల్బంలో వాళ్ల ఫోటో వస్తే ఇంటివాళ్లే తీసెయ్యమంటారని ఆయన అనుభవం. అది నిజమే, తీసెయ్యమనేవాళ్లు. సారు చెడ్డవాడు కాదు. నేర్పడంలో మంచివాడు. ఎవరి ముఖం విలువైనదో ఊరు ఎట్లా చెబితే అట్లా నమ్మేవాడు. మేమూ నమ్మాం.

ఆ బొట్టు లేనోళ్లలో ఒకరు మా అక్కనే. పోశక్క. బావ లారీ కింద పడి చచ్చిపోయినప్పుడు ఆమె చాలా చిన్నది. నా పెళ్లి నిలవలేదు, అక్క దగ్గరికే వచ్చాను. నన్ను వదిలేసిన మొగుడు ఎక్కడో బతికే ఉన్నాడు కాబట్టి నాకు బొట్టు ఉంది, మంచిగా చూసుకున్న మొగుడు చచ్చిపోయాడు కాబట్టి అక్కకు లేదు. ఫంక్షన్లకు నా బ్యాగు మోస్తూ వచ్చేది. హాలులోకి మాత్రం రాకుండా వంటలు చేసే దిక్కు కూర్చునేది. ఆడవాళ్లకు పసుపు కుంకుమలు ఇచ్చే వేళ అయితే ఎవరూ చెప్పకుండానే లేచి బయటికి పోయేది. నేను కెమెరా ఎత్తితే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నా మీద దండగ" అనేది. ఆ మాట ఆమెకు సారు చెప్పలేదు. ఆమెకు ముందే వచ్చు.

నా కెమెరా

నా చివరి కెమెరా ఫుల్ ఫ్రేమ్‌ది. అంటే లోపల బొమ్మ పడే పలక పాత రీలు గడి అంత పెద్దగా ఉంటుంది. కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ అతను సరదాకు కొని, పక్షులను నాలుగు రోజులు తీసి, విసుగొచ్చి నాకు అమ్మేశాడు. పదేళ్లకు పైగా నా మెడలో వేలాడింది. రబ్బరు ఊడిపోతే గమ్ము పెట్టి అతికించాను. నొక్కితే లోపల అద్దం లేచి పడే చప్పుడుకు చంటిపిల్లలు ఇటు తిరిగి చూసేవాళ్లు. బారసాలల్లో అది భలే పనికొచ్చేది.

మెనూలో ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు నాకు. ఏది ఎక్కడుందో వేళ్లకు తెలుసు. కింద నుంచి ఇంత, పక్కకు ఇంత, అట్లా. చీకట్లో వంటింట్లో ఉప్పు డబ్బా దొరికినట్టు దొరికేది. కొత్త కెమెరా అంటే నాకు వంటిల్లంతా మార్చేయడం.

ప్రసూన వచ్చినప్పటి నుంచీ మార్చమనే అనేది. అద్దం లేని కొత్త కెమెరాలు మనిషి కన్నును వాటంతట అవే వెతుక్కుంటాయని, మనిషి కదిలినా వదలవని చూపించింది. "దానికి బొట్టుతో పని లేదండీ. ఎవరు నిలబడ్డా కన్ను దొరికితే చాలు" అంది. నేను ఏవేవో కారణాలు చెప్పాను. లెన్సులు కొత్తదానికి సరిపోవన్నాను. బ్యాటరీ తొందరగా అయిపోతుందట అన్నాను. ఈ కెమెరాకు ఏం రోగమొచ్చిందని అడిగాను.

కాలర్లు

రోగం ఉందని మొదట చెప్పింది రాయదుర్గంలో ఒక ఆఫీసు మేనేజరు. ఉద్యోగులందరికీ ఐడీ కార్డు ఫోటోలు తీసే పని అది. తెల్ల గోడ ముందు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మగపిల్లలకు బొట్టు ఉండదు, ఇప్పటి ఆడపిల్లల్లో చాలామందికీ ఉండదు. మధ్య చుక్కను ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా కాలరు మీద పెట్టాను. అక్కడ మంచి అంచు ఉంటుంది. వెలుతురు బాగున్న చోట అయితే చెల్లిపోయేది. ఆ ఆఫీసు గది వెలుతురు తక్కువ, లెన్సు బాగా తెరిచి తీశాను. అట్లా తెరిస్తే ఫోకస్ పడ్డ చోటు ఒక్కటే స్పష్టంగా వస్తుంది. వేలెడు ముందుకూ వెనక్కూ మసకే.

మేనేజరు గుంటూరు వైపు మనిషి. కోప్పడలేదు. ఫోటోలన్నీ చూసి, "అంజమ్మగారూ, మా వాళ్ల కాలర్లు చాలా బాగా వచ్చాయండి" అన్నాడు. నేను మెచ్చుకోలు అనుకుని సంతోషపడ్డాను. మెట్రోలో ఇంటికి వచ్చేటప్పుడు ప్రసూన నెమ్మదిగా అర్థం చెప్పింది. ఆ ఆఫీసు నుంచి మళ్లీ పిలుపు రాలేదు.

కెమెరాను కోఠిలో రిపేరు చేసే అతని దగ్గరికి తీసుకెళ్లాను. మా పాత మనిషే. అంతా విప్పి, తుడిచి, గోడకు గీతల కాగితం అంటించి పరీక్ష పెట్టాడు. "అమ్మా, డబ్బాకు ఏం కాలే. ఫికర్ వద్దు. ఒకసారి కళ్లు చూపించుకోరాదు" అన్నాడు.

చూపించుకున్నాను. నీటికాసులు అన్నారు. కంటి నరం ఎండిపోతున్నదట. పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదు, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చుక్కల మందును బట్టి అన్నారు. అప్పటిదాకా మసకంతా కెమెరాది అనుకున్నాను. చూసే కిటికీ పక్కన చిన్న చక్రం ఉంటుంది, కంటి పవరుకు తగ్గట్టు తిప్పుకునేది. దాన్ని చివరిదాకా తిప్పేశాను, ఇంకా తిప్పడానికి లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆ రోజు నుంచి కొత్త కెమెరా కొనాలా వద్దా అన్న మాటకు అర్థం మారిపోయింది. కొంటే, ఫోకస్ అదే చూసుకుంటుంది. మరి నేనేం చూస్తాను? చూడని మనిషిని ఫంక్షన్‌కు ఎందుకు పిలవాలి? ప్రసూనను ఈ మాట అడిగితే, "ఎప్పుడు నొక్కాలో మీకు తెలుసు కదండీ" అంది. మంచి పిల్ల. కానీ ఎప్పుడు నొక్కాలో ఇప్పుడు ఆమెకూ తెలుసు.

అక్క ముఖం

అక్కకు పాన్‌లో తంబాకు వేసుకునే అలవాటు. దవడ లోపల పుండు అయింది. మానలేదు. దవాఖానలో పరీక్షలు చేసి, కింది దవడ ఒక పక్క మొత్తం తీసెయ్యాలి, సోమవారం ఆపరేషన్ అన్నారు. ముఖం ఎట్లా ఉంటుందని అడిగితే డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అక్క ఆ బొమ్మను చూసింది. ఆటోలో ఇంటికి వస్తుంటే నాతో అన్నది: "అంజీ, గీ ముఖం పోకముందే ఒక్క ఫోటో తియ్యి."

పుట్టి బుద్ధెరిగాక అక్క నన్ను ఫోటో అడగడం అదే మొదటిసారి. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది ఉన్నా లేనట్టే. ఊరందరి ఆడవాళ్లను తీసినదాన్ని, మా ఇంట్లో గోడ ఖాళీ.

ప్రసూన ఆ శనివారం వాళ్ల ఊళ్లో పెళ్లికి పోవాలి. పోయే ముందు కొత్త కెమెరా ఒకటి కిరాయికి తెచ్చి మా ఇంట్లో పెట్టింది. అన్నీ సర్దే ఉన్నాయి, కెమెరాను ముఖం వైపు తిప్పి నొక్కడమే అని చెప్పింది. నేను తల ఊపాను కానీ మనసులో ఒప్పుకోలేదు. చేతికి అలవాటు లేని కత్తితో కూరగాయ కూడా కొయ్యం. అక్క ఒక్కసారి అడిగింది, ఆ ఒక్కసారి నా చెయ్యి తడబడొద్దు అనుకున్నాను. కిరాయి కెమెరా బీరువాలో పెట్టాను.

ఆదివారం పగటిపూట కిటికీ పక్కన కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టాను. తల దువ్వి, నీలం చీర కట్టింది. దవడ బరువుకు తల కొంచెం ముందుకు వాలి ఉంది. మా సందులో పక్క బిల్డింగు అడ్డం, పగలైనా వెలుతురు పలచనే. లెన్సు తెరిచాను. మధ్య చుక్కను నొసటి మీద పెట్టాను. కెమెరాకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ముందుకీ వెనక్కీ గర్రుమని తిరుగుతోంది తప్ప ఆగడం లేదు. కన్ను మీద పెడదామంటే ఆ చిన్న కిటికీలోంచి అక్క కన్ను నాకు కనిపించడం లేదు. ముఖం ఒక మసక, అందులో రెండు నల్లటి మరకలు.

నాకు తెలిసింది ఒకటే విద్య. "అక్కా, జర నొసటన బొట్టు పెడత. ఫోటో అయినంక కంప్యూటర్ల చెరిపేపిస్త. ఎవ్వలకు కనబడదు" అన్నాను.

 మాట్లాడితే అక్కకు నొప్పి, అందుకని మెల్లగా అన్నది.

"తీసేటప్పుడు నన్నెవ్వలు అడగలే. పెట్టేటప్పుడు నువ్వన్న అడిగినవ్."

అక్కనే మళ్లీ అన్నది.

"పెట్టు. మళ్ల చెరపాలె. బొట్టుతోని నా ఫోటో గోడకుంటె మీ బావ తరపోళ్లు నోటికొచ్చింది అంటరు. పడెటందుకు నాకిప్పుడు ఓపిక లేదు. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను. నా నొసటి స్టిక్కరు తీసి ఆమె నొసటన పెట్టాను. అద్దం ఇయ్యనా అంటే వద్దన్నది. కెమెరా ఎత్తగానే మధ్య చుక్క బొట్టును పట్టుకుని బీప్ అన్నది. తీశాను. తల ఎత్తమన్నాను, ఎత్తలేకపోయింది, అట్లాగే తీశాను. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వెనక స్క్రీను మీద పెద్దది చేసి చూశాను. పెద్దది చేసే బటన్ నొక్కితే ఫోకస్ ఎక్కడ పడిందో నేరుగా ఆ చోటుకే పోతుంది. బొట్టు గుండ్రంగా, అంచు తెగ్గోసినట్టు కనిపించింది. దొరికింది అనుకున్నాను. స్టిక్కరు తీసి మళ్లీ నేను పెట్టుకున్నాను.

సోమవారం ఆపరేషన్ అయింది. బతికింది. తర్వాత కట్లు విప్పినప్పుడు ముఖం డాక్టరమ్మ గీసిన బొమ్మలాగే ఉంది.

బొట్టు

ప్రసూన ఊరి నుంచి వచ్చాక ఫోటోలు కంప్యూటర్లో వేసింది. ఒకటి తెరిచింది, తర్వాత ఇంకొకటి.  అన్నీ తెరిచింది. ఏమైంది బిడ్డా అని అడిగాను.

"బొట్టు బాగా వచ్చిందండీ" అంది.

ఈసారి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. స్క్రీనుకు ముక్కు ఆనించి చూశాను. పెద్దది చేసి చూపించింది. బొట్టు చుట్టూ గమ్ము గీత కూడా కనిపిస్తోంది. తల ముందుకు వాలింది కాబట్టి నొసలు కెమెరాకు దగ్గరైంది, కళ్లు వెనక్కు పోయాయి. బొట్టు తప్ప అన్నీ మసక. కళ్లు నీళ్లలో మునిగినట్టున్నాయి. నోరు, పోయిన ఆ దవడ, ఇంకా మసక. ఏ ఒక్కదానిలోనూ అక్క లేదు. బీరువాలో ఉన్న కెమెరాతో ఎవరైనా, ఏమీ తెలియనివాళ్లయినా, నొక్కి ఉంటే వచ్చేది.

మసకను సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉందని ప్రసూన అందులో పెట్టి చూసింది. కళ్లు స్పష్టంగా వచ్చాయి. రెప్పలకు అక్కకు ఎన్నడూ లేనన్ని వెంట్రుకలు వచ్చాయి. చూపు ఎవరిదో.

"ఇవి ఎవ్వలి కండ్లు బిడ్డా" అన్నాను. ఆమె మూసేసింది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. పాత కెమెరాకు ప్రాణం ఉంటుంది, దాని రంగులు కొత్తవాటికి రావు అనేవాళ్లను నమ్మకండి. నేనూ అట్లా అన్నాను, నా కళ్ల గురించి ఒప్పుకోలేక అన్నాను. కొత్త మోడల్ వచ్చిందని కొనకండి, అది నిజం. కానీ మీ చేతిలో ఉన్నది ఎలాంటి ముఖాలను పట్టుకోలేకపోతున్నదో చూసుకోండి. మీ గురువు ఎవరి మీద దండగ అన్నాడో ఆ ముఖాలను ముందు పట్టుకుని పరీక్షించండి. అక్కడ తప్పితే ఆ రోజే మార్చండి. వేళ్లకు కొత్త అలవాటు అవుతుంది. ఆలస్యం చేస్తే ఏమవుతుందో నేను చూశాను.

ఫంక్షన్లలో నేను తీసిన వేలమంది నొసళ్ల మీద బొట్లు చక్కగా ఉన్నాయి. అది నిజమే. ఎవరికైనా కావాలంటే చూపిస్తాను.

మరుసటి పొద్దున

ఫోటోలు చూసిన మరుసటి రోజు పొద్దున్నే ప్రసూన ఇంటికి వెళ్లాను. ఒప్పుకున్న ఫంక్షన్లన్నీ ఆమె పేరుకు మార్పించాను. కెమెరా ఆమె బల్ల మీద పెట్టాను. పనికొస్తే పెట్టుకో, లేకపోతే అమ్ముకో అన్నాను. తర్వాత అక్క ఫోటోల్లో ఒకటి తెరవమన్నాను. కొంచెం నవ్వినట్టున్న ఒకటి ఉంది, అది.

"బొట్టు చెరుపు" అన్నాను.

"చెరిపితే ఇందులో స్పష్టంగా ఇంకేమీ మిగలదండీ."

"ఒట్టేసిన బిడ్డా."

ఆమె చెరిపింది. చాలా జాగ్రత్తగా, పక్క చర్మం తెచ్చి అతికించి, ఆనవాలు లేకుండా చేసింది. మూసాపేట స్టేషన్ కింద ఉన్న షాపులో ప్రింటు వేయించి దవాఖానకు పోయాను. అక్కకు ముఖం నిండా కట్లు. మాట లేదు. చేతులు ఆడతాయి. ఫోటో చేతికిచ్చాను.

కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలితో నొసటి చోటు తడిమింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. అక్కడ ఏమీ లేదని చూసుకుని, సరే అన్నట్టు తల ఊపి, నాకు తిరిగి ఇచ్చేసింది. మిగతా ముఖం చూడలేదు.